పండ్లబుట్ట, దుర్గము

1761వ సంవత్సరము జనవరి మాసమున పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమయ్యెను. దక్షిణాపథమున ఫ్రెంచివారి ప్రాబల్యము దానితో అస్తమించినది. చెల్లాచెదరైన ఫ్రెంచి సైనికులలో కొందరు స్వదేశప్రభువుల కొలువులను ఆశ్రయించిరి. మొదటి నిజాము కుమారుడగు బసాలత్ జంగు ఆదవాని జాగీరును ఏలుచు అట్టి వారిని తన సైన్యమున చేర్చుకొనెను. నేటి ఆస్పరి, ఎమ్మిగనూరు సీమల వారికి ఆదవాని దుర్గము సుపరిచితమే గదా! ఫ్రెంచివారి పేరు చెప్పగనే ఈ ప్రాంత చరిత్రలో మనకు కనబడునది తుపాకి పట్టిన సిపాయి. అదే 1761లో పారిస్ నగరమున ఆ జాతివారు చూచిన ఒక చిన్న చిత్రమును గూర్చి నేడు ముచ్చటింతము.

ఆ చిత్రము పేరు ‘అడవి స్ట్రాబెర్రీల బుట్ట’. వ్రాసినవాడు షార్దాఁ. ఎత్తు 38, వెడల్పు 46 సెంటీమీటర్లు మాత్రమే. బల్లమీద ఒక బుట్ట. అందులో గోపురమువలె పేర్చిన ఎఱ్ఱని పండ్లు. ప్రక్కన గాజుగ్లాసులో నీరు, రెండు తెల్లని కార్నేషన్ పూవులు, రెండు చెర్రీపండ్లు, ఒక పీచుపండు. అంతే! మనుష్యుడు లేడు, కథ లేదు. ఇట్టి వాటిని నిశ్చలచిత్రములని మనము చెప్పుకొందుము. ఫ్రెంచివారు ‘మృతప్రకృతి’ యను అర్థము వచ్చు మాటతో పిలుతురు.

ఆనాటి ఫ్రాన్సులో చిత్రములకును కులభేదము వంటిదొకటి యుండెను. 1648లో వెలసిన రాజాస్థాన కళాపరిషత్తు పక్షమున ఫెలిబియన్ అను పండితుడు 1667లో చిత్రములకు తారతమ్యము నిర్ణయించెను. పురాణేతిహాస ఘట్టములది అగ్రపీఠము. తరువాతివి మనుష్యుల రూపచిత్రములు. పండ్లు, పూలు, గవ్వలు వ్రాయువానికి కట్టకడపటి చోటు. 1699లో పారిస్‌లో ఒక వడ్రంగి యింట పుట్టిన షార్దాఁ 1728లో ఆ పరిషత్తున ప్రవేశించినది ఈ కడపటి తరగతిలోనే. ఉల్లిగడ్డలు, గ్రుడ్లు, రాగిపాత్రలు, వంటింటి బల్ల, ఇవియే ఆయన వస్తువులు. అయినను పరిషత్తు ఆయనను కోశాధికారిగా ఎన్నుకొనెను. 1757లో రాజు లూవ్ర్ ప్రాసాదముననే నివాసమొసగెను. దిదెరో వంటి విమర్శకుడు ఆయన నేర్పును వేనోళ్ల కొనియాడెను.

ఆ నేర్పు ఎట్టిది? తైలవర్ణము మెల్లగా ఆరును. కావున చిత్రకారుడు పొరమీద పొర వేయుచు తీరికగా దిద్దుకొనవచ్చును. రంగులు కలుపు అవిసెనూనెయు, చిత్రము వ్రాయు నారబట్టయు తఱచుగా ఒకే జాతి మొక్కనుండి వచ్చునవి. షార్దాఁ పండ్లను ఒక్కొక్కటిగా లెక్కించి వ్రాయలేదు. ఎఱుపులో ఎఱుపు కలిపి రాశిని నిలిపెను; నీటిగ్లాసును కొలది తెల్లని మెరుపులతో చూపెను. ఒక్క దినములో మెత్తబడిపోవు పండు ఆ బట్టమీద శతాబ్దములు నిలిచినది.

అంతలో దుర్గము చేతులు మారినది. 1779లో బసాలత్ జంగు తన ఫ్రెంచి దళమును విడిచిపెట్టుటకు ఆంగ్లేయులతో ఒడంబడిక చేసికొనెను. షార్దాఁ కన్నుమూసినదియు ఆ యేడాదియే. 1786లో టిపూ సుల్తాను ఆదవానిని పట్టుకొనెను. 1800లో ఆ సీమ దత్తమండలములలో చేరి కుంపిణీ పాలయ్యెను. ఫ్రాన్సులోను రాజు పోయెను, రాజపరిషత్తు పోయెను. బుట్ట మాత్రము నిలిచెను. పందొమ్మిదవ శతాబ్దిలో మార్సీల్ అను కళాసంగ్రాహకుల కుటుంబమునకు చేరి, 2022 వరకు వారియింటనే యుండెను. ఆ సంవత్సరము వేలములో దాదాపు 2 కోట్ల 44 లక్షల యూరోలు పలికి, అమెరికాకు తరలిపోవలసియుండెను. ఫ్రెంచి ప్రభుత్వము దానిని జాతీయనిధిగా ప్రకటించి ఎగుమతిని ఆపినది. లూవ్ర్ ప్రదర్శనశాలవారు ప్రజలను విరాళములు కోరగా, పెద్ద దాతలతోపాటు దాదాపు పదివేలమంది సామాన్యులు తోచినంత యిచ్చిరి. 2024లో చిత్రము లూవ్ర్‌కు దక్కినది. చిత్రకారుడు కాపురమున్న చోటు అది. 1761లో ప్రదర్శన జరిగిన చోటును అదియే.

కట్టకడపటి తరగతి యని పండితులు త్రోసిన చిత్రమునకు ప్రజలు ఇచ్చిన తీర్పు ఇది. ఆ తీర్పును మన సీమకు అన్వయించి చూచుకొందము. ఆస్పరి, పత్తికొండల చేలలో కోసిన టమాట పండు ఆ ఫ్రెంచి బుట్టలోని పండువలెనే ఎఱ్ఱనిది, అట్లే నిలువలేనిది. ధర పడిపోయిన దినమున గంపలకొలది త్రోవప్రక్కన పారబోయుటయు కలదు. మన దుర్గములకు చరిత్రకారులున్నారు. మన గంపలకు లేరు. పంటను, పనిముట్టును, వంటింటి పాత్రను శ్రద్ధగా చూచి, గీసి, వ్రాసి దాచిపెట్టు పని మనకింకను మిగిలియున్నది. ఆ పనికి రాజాశ్రయము అక్కరలేదు. ఒక బల్ల, ఒక బుట్ట, వానిని ఓపికతో చూడగల కన్ను ఉన్న చాలును.