మోత బండి నుంచి యాత్రా బండి దాకా

తిరుమలాయపాలెం మీదుగా సాగే ఖమ్మం–వరంగల్ రోడ్డు మీద రెండు రకాల మోటారు సైకిళ్లు కనిపిస్తాయి. ఒకటి, రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, ముందు ఫాగ్ లైట్లు, ఇంజనుకు గార్డు బిగించుకుని భద్రాచలం, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కడానికి బయల్దేరిన టూరింగ్ బండి. రెండోది, వెనక ఇనుప క్యారియర్ మీద పాల క్యానో, ఎరువు బస్తానో, మిర్చి తోటకు మందు కొట్టే పంపో కట్టుకుని పోయే ఊరి బండి. మొదటిది డబ్బున్నవాళ్ల సరదా, రెండోది గతిలేక చేసుకున్న ఏర్పాటు అన్నట్టు మాట్లాడుతుంటారు. చరిత్ర చూస్తే ఈ రెండూ ఒకే వంశానివి, పెద్దది మోత బండే. టూరింగ్ సామగ్రిలో మెచ్చుకోదగ్గదంతా పని కోసమో, ప్రాణం కోసమో పుట్టి తర్వాత అంగడికి చేరింది. అందుకే ఒక బిగింపు మంచిచెడ్డలు దాని ధరనుబట్టి కాక, అది మోసే బరువునుబట్టి, ఆ బరువు పడే చోటునుబట్టి తేల్చాలి.

ప్రపంచ యుద్ధాల్లో సందేశాలు మోసిన సైనికుల బళ్లకు వెనక చక్రం ఇరువైపులా సంచులు వేలాడేవి. నేటి సైడ్ బాక్సులకు పూర్వరూపం అదే. హెల్మెట్ కథ మరీ స్పష్టం. 1935లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతనికి వైద్యం చేసినవారిలో ఒకడైన నాడీ శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత సైనిక రైడర్ల తల గాయాలను పరిశీలించి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. వ్యాపారం వచ్చింది ఆ తర్వాతే. అమెరికాలో క్రెయిగ్ వెటర్ గాలిని అడ్డుకునే విండ్‌జామర్ ఫెయిరింగ్‌ను 1970లలో అమ్మాడు. ఇటలీలో మాజీ రేసర్ జుసెప్పె విసెంజి 1978లో బండి సామగ్రి చేసే జివి సంస్థ పెట్టాడు.

మన దగ్గరా వరుస ఇదే. మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్ మొదట సైన్యం, పోలీసుల బండిగానే పేరు తెచ్చుకుంది. కానీ పల్లెకు బండి నిజంగా చేరింది 1980 నాటి టీవీఎస్ 50తో, 1985 నాటి హీరో హోండా సీడీ 100తో. అవి చేరగానే జనం వాటిని తమ పనికి మలుచుకున్నారు. పాత ట్యూబు కోసి తాళ్లు చేశారు, రాడ్లు వంచి క్యారియర్లు కట్టించారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చున్నవారికి చేతి పట్టు, కాలు పెట్టుకునే ఆధారం, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలంటుంది. చీరకట్టుతో పక్కకు తిరిగి కూర్చునే స్త్రీల కోసం వచ్చిన శారీ గార్డు అలా చట్టంలోకెక్కింది. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100లో వెనక సీటు ఊడదీసి సరుకు వేసుకునే వీలును కంపెనీయే కల్పించింది. రైతులు, చిరువ్యాపారులు ఎప్పటినుంచో చేస్తున్నదే అది.

ఇలాంటి బిగింపులను చట్టం ఒప్పుకోదు కదా అన్నది మొదటి అభ్యంతరం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. అయితే మార్పు అంటే ఏమిటో ఆ సెక్షనే చెబుతోంది: బండి మౌలిక లక్షణం మారిపోయేలా నిర్మాణాన్ని మార్చడం. ఫ్రేము కోసి అతికించడం, ఇంజను మార్చడం అందులోకి వస్తాయి. బోల్టులతో బిగించి విప్పుకోగల క్యారియర్‌ను వాటితో ఒకే గాటన కట్టడం అన్యాయం. కేంద్రమే 2020లో నిబంధన సవరించి 550 మి.మీ. పొడవు, 510 మి.మీ. వెడల్పు, 500 మి.మీ. ఎత్తు మించని తేలికపాటి పెట్టెను అనుమతించింది. వెనక సీటు స్థానంలో దాన్ని పెడితే నడిపేవాడు ఒక్కడే ఎక్కాలని షరతు పెట్టింది. సరుకు చేరవేసేవాళ్లు ముందు నడిచారు, చట్టం వాళ్ల వెనక వచ్చింది.

రెండో అభ్యంతరం భద్రత గురించి, దీన్ని తేలిగ్గా తీసేయలేం. వెనక ఇరుసు దాటి బరువు పడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ అదుపు తగ్గుతుంది. ఎత్తుగా కట్టిన మూట మలుపులో బండిని పక్కకు లాగుతుంది. ఫ్రేముకు నేరుగా వెల్డింగ్ పెడితే ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలహీనపడుతుంది, గుంతల రోడ్డులో అక్కడే పగులుతుంది. ఇది ఊరి క్యారియర్‌కు ఎంత నిజమో, టాప్ బాక్సు మీద మరో సంచి కట్టిన ఖరీదైన బండికీ అంతే నిజం. బరువు కిందికి, ఇరుసుకు ముందుకు, రెండు వైపులా సమంగా రావాలి. బండిని ఇలా పనికి మలచడం పద్ధతిగా చేస్తే ఏమవుతుందో చూడాలంటే మన సరిహద్దు అవతలికే చూడాలి. చర్ల, దుమ్ముగూడెం మండలాలను ఆనుకున్న ఛత్తీస్‌గఢ్ అడవుల వంటి చోట్ల గాయపడిన జవాన్లను తరలించడానికి డీఆర్‌డీవోకు చెందిన ఇన్మాస్ సంస్థ 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌ను మలిచి, ‘రక్షిత’ అనే పేరుతో 2021 జనవరిలో సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. వెనక వాల్చుకునే వీలున్న సీటు, రోగిని పట్టి ఉంచే పట్టీలు, నాడి వివరాలను నడిపేవాడి ముందున్న తెర మీద చూపే పరికరం అందులో ఉన్నాయి. ఆ సీటును అవసరమైనప్పుడు బిగించి, తర్వాత విప్పేయవచ్చు.

ప్రభుత్వ ప్రయోగశాల పాటించిన ఈ పద్ధతి పల్లె మెకానిక్‌కు అందరానిదేమీ కాదు. ఏ బండి ఫ్రేములో ఏ బోల్టు మీద ఎంత బరువు వేయవచ్చో కంపెనీలు తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. రవాణా శాఖ అనుమతించిన బిగింపుల పట్టికను ప్రతి ఆర్టీవో కార్యాలయంలో పెట్టాలి. ఐటీఐల్లో వెల్డింగ్, మెకానిక్ చదివే పిల్లలకు ఈ వివరాలను పాఠంగా చెప్పాలి. తిరుమలాయపాలెం లాంటి చోట్ల రేపు క్యారియర్లు బిగించబోయేది వాళ్లే.