ఓడిన జట్టుకే మొదటి పిలుపు

ఫిలడెల్ఫియాలో బెర్ట్ బెల్ కలిగినింటి బిడ్డ. తండ్రి పెన్సిల్వేనియా రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా చేసిన మనిషి. కొడుకు కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాడు, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఆట మీద మమకారం చావక 1933లో ఒక మిత్రుడితో కలిసి 2,500 డాలర్లకు ప్రొఫెషనల్ జట్టు పెట్టుకునే హక్కు కొన్నాడు. జట్టుకు ఈగిల్స్ అని పేరు పెట్టాడు. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ ముందుకు దూసుకుపోయే అమెరికన్ ఫుట్‌బాల్.

జట్టయితే కొన్నాడు గానీ గెలుపు దొరకలేదు. ఆ రోజుల్లో జనం వెర్రెత్తిపోయి చూసేది కాలేజీ ఆటనే. చదువు ముగించిన కుర్రాడు ఏ జట్టుతోనైనా బేరం కుదుర్చుకోవచ్చు. డబ్బూ పేరూ ఉన్న చికాగో బేర్స్, న్యూయార్క్ జెయింట్స్ పిలిస్తే ఫిలడెల్ఫియా మొహం ఎవరు చూస్తారు? 1933, 1934 రెండేళ్లూ ఫైనల్లో తలపడింది ఆ రెండు జట్లే. మంచి ఆటగాళ్లు గెలిచే జట్టుకు పోతారు, గెలిచే జట్టుకు జనం వస్తారు, జనం వస్తే డబ్బొస్తుంది, ఆ డబ్బుతో మళ్లీ మంచి ఆటగాళ్లు. ఈ సుడిలో అడుగున పడ్డవాడు పైకి తేలే దారి లేదు.

బెల్‌ను కదిలించింది స్టాన్ కోస్ట్కా అనే కుర్రాడి వ్యవహారం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కొండలాంటి ఫుల్‌బ్యాక్, అంటే బంతి పట్టుకుని గుద్దుకుంటూ పరుగెత్తేవాడు. 1934 సీజన్ ముగియగానే అతని కోసం జట్లు ఎగబడ్డాయి. బెల్ కూడా బేరమాడాడు. కోస్ట్కా తొందరపడలేదు, వేలంపాటను పెరగనిచ్చాడు. చివరికి 5,000 డాలర్లకు బ్రూక్లిన్ జట్టు ఎగరేసుకుపోయింది. దేశం ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన కాలం. మామూలు ఆటగాడికి మ్యాచ్‌కు వంద, నూటయాభై డాలర్లు వస్తే గొప్ప. కోస్ట్కాది తప్పని నేననను. తన కష్టానికి తగిన ధర అడిగాడు, అంతే. కానీ ఇలాంటి పాటలు ఇంకో నాలుగు జరిగితే చిన్న జట్లు మూతపడడం ఖాయమని బెల్‌కు అర్థమైంది.

1935 మే నెలలో పిట్స్‌బర్గ్‌లోని ఫోర్ట్ పిట్ హోటల్లో ప్రొఫెషనల్ లీగ్ జట్ల ఓనర్లు కూర్చున్నారు. బెల్ లేచి తన ఆలోచన చెప్పాడు. కాలేజీ ముగించే ఆటగాళ్ల పేర్లన్నీ ఒక జాబితాగా రాద్దాం. అందరికంటే అట్టడుగున ఉన్న జట్టు ముందు ఒకరిని కోరుకోవాలి, ఆపైన దాని పై జట్టు, అలా పోగా పోగా ఛాంపియన్ జట్టు ఆఖరున. ఒక జట్టు కోరుకున్న ఆటగాడితో ఇంకో జట్టు బేరం పెట్టకూడదు.

లాభపడేది ఎవరో అందరికీ తెలుసు. అడుగున ఉన్న జట్లలో బెల్ జట్టూ ఒకటి మరి. అయినా ఆ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఈ కథలో నన్ను నిలబెట్టేసే ఘట్టం ఇదే. కాదంటే కొట్టేయగల బలం బేర్స్ యజమాని జార్జ్ హాలస్‌కు, జెయింట్స్ యజమాని టిమ్ మారాకు ఉంది. ఇద్దరూ ఔనన్నారు. ఎదుటి జట్టు చచ్చిపోతే తమతో ఆడేవాళ్లు ఉండరనీ, ఫలితం ముందే తెలిసిన ఆటకు ఎవరూ టికెట్ కొనరనీ వాళ్లకు తెలుసు. ఒప్పుకుంటే కొన్నేళ్లపాటు తాము నష్టపోతామనీ తెలుసు. వ్యాపారంలో అంత ముందుచూపు అరుదు.

1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో ఈ పద్ధతిలో మొదటి ఎంపిక జరిగింది. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. గోడకు ఒక బ్లాక్‌బోర్డు, దాని మీద 90 పేర్లు. తొమ్మిది జట్లు, తొమ్మిది రౌండ్లు, మొత్తం 81 ఎంపికలు. ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్‌లు అప్పటికి ఏ జట్టుకూ లేరు. పేపర్లో చదివిందీ, కాలేజీలో ఉన్న స్నేహితుడు చెప్పిందీ, అదే ఆధారం. టిమ్ మారా చిన్న కొడుకు వెల్లింగ్టన్ అప్పటికి ఇరవై నిండని కుర్రాడు. ఊరూరి పేపర్లూ పత్రికలూ తెప్పించి ఆటగాళ్ల వివరాలు పోగుచేసుకునేవాడు. అతను పట్టుబట్టి చెప్పిన టఫీ లీమన్స్‌ను జెయింట్స్ రెండో రౌండ్లో తీసుకుంది. లీమన్స్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు.

అట్టడుగున నిలిచింది ఈగిల్సే కాబట్టి మొట్టమొదటి పిలుపు బెల్‌దే. చికాగో విశ్వవిద్యాలయం హాఫ్‌బ్యాక్ జే బర్వాంగర్‌ను కోరుకున్నాడు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే ట్రోఫీని, ఇప్పుడు హైస్మన్ ట్రోఫీగా పిలిచేదాన్ని, మొదటిసారి అందుకున్నది ఇతనే. అతను అడిగే జీతం ఇచ్చుకోలేక బెల్ ఆ హక్కును బేర్స్‌కు బదిలీ చేశాడు. హాలస్ కూడా ఇచ్చుకోలేకపోయాడు. బర్వాంగర్ ఫోమ్ రబ్బరు కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాడు. ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఈగిల్స్ ఎంచుకున్న తొమ్మిది మందిలో ఒక్కరూ ఆ ఏడు సంతకం చేయలేదు. జట్టు 12 మ్యాచుల్లో ఒక్కటి గెలిచింది. సొంత ఆలోచన బెల్‌కు ఆ ఏడాది అక్కరకు రాలేదు.

ఫలం వచ్చేసరికి పుష్కరం పట్టింది. 1944 డ్రాఫ్ట్‌లో దొరికిన స్టీవ్ వాన్ బ్యూరెన్ పరుగుల మీద ఈగిల్స్ 1948లోనూ 1949లోనూ ఛాంపియన్ అయింది. అప్పటికి బెల్ జట్టును వదిలి లీగ్‌కే కమిషనర్ అయ్యాడు.

అందరికీ సమానంగా అవకాశం ఇస్తామన్న ఈ పద్ధతికి పుట్టుకతోనే ఒక మచ్చ ఉంది. 1936 నుంచి 1948 దాకా జరిగిన 13 డ్రాఫ్టుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడినీ పిలవలేదు. 1939 సీజన్‌లో కాలేజీ ఆటను ఊపేసిన కెన్నీ వాషింగ్టన్ పేరును ఏ ఓనరూ పలకలేదు. 1949లో బేర్స్ జార్జ్ టాలియాఫెర్రోను 13వ రౌండ్లో, డెట్రాయిట్ లయన్స్ వాలీ ట్రిప్లెట్‌ను 19వ రౌండ్లో పిలిచాయి. బలహీన జట్టు మీద చూపిన దయ మనిషి మీద చూపడానికి మరో 13 ఏళ్లు కావలసి వచ్చిందన్నమాట.

ఇక మన దేశం నుంచి వెళ్లిన ఒక మనిషి సంగతి. డల్లాస్ కౌబాయ్స్ 1960లో పుట్టింది. ఆ ఏటి డ్రాఫ్ట్ అప్పటికే ముగియడంతో అందులో ఎవరినీ ఎంచుకోలేకపోయింది, మొదటి సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ డ్రాఫ్ట్‌లో ఆటగాళ్లను ఎంచడానికి కంప్యూటర్ సాయం తీసుకుందామనుకున్నాడు. ఐబీఎం అనుబంధ సంస్థ ఆ పనిని సలాం ఖురేషీ అనే సంఖ్యాశాస్త్రవేత్త చేతిలో పెట్టింది. అలీగఢ్‌లో చదివినవాడు. క్రికెట్ తెలుసు గానీ అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు. తెలియకపోవడమే మేలైంది. ఎవరి అభిమానమూ మనసులో లేకుండా లెక్క మొదలుపెట్టాడు. ఒక్కో స్కౌట్ ఒక్కో తీరులో రాసే నివేదికలను ఒకే ప్రశ్నల పట్టికలోకి తెచ్చి, అంకెల్లో మార్కులు వేయించాడు. వందలకొద్దీ లక్షణాలను వడపోసి నడత, చురుకుదనం, పోటీతత్వం, బుద్ధి పదును, బలం అనే ఐదింటికి కుదించాడు. ఇప్పుడు ప్రతి జట్టూ లెక్కల నిపుణులను పెట్టుకుంటోంది. ఆ దారి మొదట తొక్కినవాళ్లలో మనవాడు ఉన్నాడని చెప్పుకోవడం నాకు గర్వం.

ఇదంతా జట్ల వైపు కథ. కుర్రాడి వైపు నుంచి చూస్తే పిలిచిన జట్టుకే ఆడాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. వాషింగ్టన్ జట్టు 1968లో మొదటి రౌండ్లో పిలిచిన జేమ్స్ స్మిత్ ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో మెడకు దెబ్బ తగిలి ఆటకు శాశ్వతంగా దూరమయ్యాడు. జట్లు తనకోసం పోటీపడే వీలుండి ఉంటే మంచి ఒప్పందం దక్కేదని కోర్టుకెక్కాడు. 1976లో ఫెడరల్ కోర్టు డ్రాఫ్ట్ చట్టవిరుద్ధమని తేల్చింది. మరుసటేడు ఆటగాళ్ల యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకుని లీగ్ దాన్ని నిలబెట్టుకుంది. రౌండ్లు 17 నుంచి 12కు, 1994కల్లా ఏడుకు తగ్గాయి. నా మటుకు స్మిత్‌దే న్యాయం. డ్రాఫ్ట్ లేకపోతే లీగ్ బతికేది కాదన్నదీ అంతే నిజం. యూనియన్ సంతకం ఉన్నంతకాలమే ఆ కట్టుబాటుకు మర్యాద.

1980లో అప్పుడే పుట్టిన ఈఎస్‌పీఎన్ ఛానల్ ఈ పేర్ల పిలుపును టీవీలో చూపింది. 2024లో డెట్రాయిట్ వీధుల్లో దాన్ని చూడ్డానికి ఏడు లక్షలకు పైగా జనం వచ్చారు. కౌబాయ్స్ కార్యాలయం ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలోనే ఉంది. అక్కడ ఏటా ఏప్రిల్‌లో పిల్లలతో కలిసి డ్రాఫ్ట్ చూసే తల్లిదండ్రులకు ఒక్క మనవి: బెర్ట్ బెల్ పేరుతో పాటు కెన్నీ వాషింగ్టన్, సలాం ఖురేషీ, జేమ్స్ స్మిత్‌ల పేర్లు కూడా వాళ్లకు చెప్పండి.