గిరివిలాస్: పదమూడు రోజుల ముఖ్యమంత్రి ఇల్లు

గోండు రాజులు అనగానే మనకు ఉట్నూరు కోట, చంద్రాపూర్ కోట గోడలు గుర్తుకొస్తాయి. ఆ కోటల్లో రాజ్యం చేసినవారు ఎప్పుడో చరిత్రలో కలిసిపోయారు. అయితే ఛత్తీస్‌గఢ్‌లోని సారంగఢ్ పట్టణంలో ఒక గోండు రాజుల ఇల్లు ఉంది. అక్కడి కథ రాజరికంతో ముగియలేదు. ఆ ఇంటి యజమాని రాజుగా ఉండి, తర్వాత శాసనసభ్యుడై, మంత్రి అయి, చివరికి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఆయన పేరు నరేశ్‌చంద్ర సింగ్. ఆ ఇల్లు గిరివిలాస్ ప్యాలెస్.

బ్రిటిష్ కాలంలో ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 14 సంస్థానాలు ఉండేవి. వాటిలో సారంగఢ్, రాయగఢ్, శక్తి, కవర్ధా సంస్థానాలను రాజ్‌గోండు వంశాలు పాలించాయి. సారంగఢ్ చిన్న సంస్థానం. దాని విస్తీర్ణం సుమారు 540 చదరపు మైళ్లు. మహానది పరీవాహకంలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. మన ఆదిలాబాద్ గోండులు కూడా తమను రాజ్‌గోండులని చెప్పుకుంటారు కాబట్టి ఇది మనకు పరాయి కథ కాదు.

నరేశ్‌చంద్ర సింగ్ 1908లో పుట్టారు. రాయపూర్‌లోని రాజ్‌కుమార్ కాలేజీలో చదువుకున్నారు. తండ్రి జవాహిర్ సింగ్ తర్వాత 1946లో గద్దెనెక్కారు. రెండేళ్లు తిరగకముందే సంస్థానాల కాలం ముగిసింది. 1947 డిసెంబరులో సర్దార్ పటేల్ నాగపూర్ వచ్చి ఛత్తీస్‌గఢ్ రాజులతో విలీన ఒప్పందాల మీద సంతకాలు చేయించారు. 1948 జనవరి 1న సారంగఢ్ అప్పటి మధ్య పరగణాలు, బేరార్ రాష్ట్రంలో కలిసిపోయింది. రాజ్యం పోయింది, ఇల్లు మిగిలింది.

సారంగఢ్ రాజు మాత్రం ఆ ఇంట్లోనే కూర్చుండిపోకుండా ఓట్లకు వెళ్లారు. మొదటి సాధారణ ఎన్నికల్లోనే కాంగ్రెస్ తరఫున శాసనసభకు ఎన్నికయ్యారు. రవిశంకర్ శుక్లా మంత్రివర్గంలో చేరారు. ఆదివాసి సంక్షేమ శాఖను చాలాకాలం చూశారు. నిన్నటిదాకా పుట్టుకతో వచ్చిన అధికారం, ఇప్పుడు ప్రజలు వేసిన ఓటుతో వచ్చింది. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో 1969లో ఆయనకు పూర్తిగా తెలిసొచ్చింది.

1967 ఎన్నికల తర్వాత మధ్యప్రదేశ్‌లో ద్వారకాప్రసాద్ మిశ్రా నాయకత్వాన కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడింది. అప్పటి శాసనసభలో స్థానాలు 296. కొద్ది నెలలకే గోవింద్ నారాయణ్ సింగ్ వెంట 36 మంది కాంగ్రెస్ సభ్యులు పార్టీ ఫిరాయించారు. గ్వాలియర్ రాజమాత విజయరాజే సింధియా అండతో సంయుక్త విధాయక దళ్ అనే కూటమి అధికారంలోకి వచ్చింది. కూటమిలో మొదటి నుంచీ కలహాలే. చివరికి 1969 మార్చిలో గోవింద్ నారాయణ్ సింగ్ రాజీనామా చేశారు. మార్చి 13న అదే కూటమి తరఫున నరేశ్‌చంద్ర సింగ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

అప్పటి మధ్యప్రదేశ్‌లో ప్రతి ఐదుగురిలో ఒకరు ఆదివాసి. ఆ రాష్ట్రానికి ఒక గోండు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. కానీ ఆ కుర్చీ ఆయన చేతికి వచ్చేసరికే దాని కాళ్లు విరిగి ఉన్నాయి. ఫిరాయించి వచ్చినవాళ్లు తిరిగి కాంగ్రెస్ దారి పట్టారు. మెజారిటీ కరిగిపోయింది. మార్చి 25న ఆయన రాజీనామా చేశారు. మర్నాడు శ్యామాచరణ్ శుక్లా ముఖ్యమంత్రి అయ్యారు. పదమూడు రోజుల్లో ఒక ఫైలు కదలడమే కష్టం, ఇక ఆదివాసుల భూమి, అడవి, చదువు గురించి ఏం చేయగలరు? నరేశ్‌చంద్ర సింగ్ ఆ తర్వాత రాజకీయాలకు దూరమయ్యారు. 1987లో కన్నుమూశారు.

ఇదే రాష్ట్రంలో మరో రాజుగారి ఇంటిని కూడా ఇక్కడ తలచుకోవాలి. బస్తర్ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ కూడా ఒకప్పుడు శాసనసభ్యుడే. వారి వంశం వరంగల్ కాకతీయుల నుంచి వచ్చిందని చెప్పుకుంటుంది. ఆయన ఆదివాసి కాదు, అయినా బస్తర్ ఆదివాసులు ఆయనను తమవాడిగా భావించారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లోని రాజమహలులోనే పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయారు. ఆయనతోపాటు ఎందరో ఆదివాసులూ చనిపోయారు. సరిగ్గా మూడేళ్లకు, అదే తేదీన, సారంగఢ్ రాజు ముఖ్యమంత్రి పదవి వదిలారు. ప్రభుత్వంతో తలపడిన ఇంటికి తుపాకి గుళ్లు తగిలాయి. ప్రభుత్వంలో చేరిన ఇంటికి దక్కింది పదమూడు రోజులు.

గిరివిలాస్ నుంచి మరికొందరు ప్రజాప్రతినిధులు కూడా వచ్చారు. ఆయన కుమార్తెల్లో రజనీగంధా దేవి, పుష్పాదేవి సింగ్ రాయగఢ్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆదివాసి మహిళలు పార్లమెంటుకు వెళ్లడం గొప్ప విషయమే. అయితే మనం మరో మాట కూడా అడగాలి. చదువు, డబ్బు, పేరు అన్నీ ఉన్న రాజుల ఇల్లు కాబట్టి ఆ దారి తెరుచుకుంది. గుడిసెలో పుట్టిన గోండు పిల్లకు ఆ దారి ఎక్కడుంది?

దానికి కొంత జవాబు ఆ ప్రాంతంలోనే దొరికింది. 2023 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి అయిన విష్ణుదేవ్ సాయ్ ఆదివాసి. ఆయన రాజకీయ జీవితం బగియా అనే ఊళ్లో పంచాయతీ వార్డు సభ్యుడిగా మొదలైంది. ఆ తర్వాత సర్పంచ్ అయ్యారు. ఆయన పార్టీ, ఆయన పాలన మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఆ నడక ఊరి పంచాయతీలో మొదలైందన్నదే ఇక్కడ విషయం. గుజరాత్, ఒడిశా, జార్ఖండ్‌లలో కూడా ఆదివాసులు ముఖ్యమంత్రులయ్యారు. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం, ఉమ్మడిగా ఉన్నప్పుడు గానీ విడిపోయాక గానీ, ఒక్కరూ కాలేదు.

పాఠం చెప్పే ఉపాధ్యాయులు నరేశ్‌చంద్ర సింగ్ కథ చెప్పాక పిల్లల చేత ఒక చిన్న లెక్క చేయించాలి. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు, అందులో షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినవి 12. ప్రభుత్వం నిలబడాలంటే 60 కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు, మనకు కేటాయించినవి 7. అక్కడ కావలసినవి 88. రిజర్వేషన్ మనల్ని సభ తలుపు దాటిస్తుంది, అంతవరకే. మిగిలిన 48 మందిని, 81 మందిని మన భూమి, మన అడవి విషయంలో మనతో నిలబెట్టేది ఎవరు, ఎలా? పిల్లలు ఈ ప్రశ్నకు తమ ఊరి గ్రామసభ నుంచి, తమ మండలం నుంచి జవాబు వెతకడం మొదలుపెట్టాలి.