తెల్లనెత్తురు చేప

చలికాలం రాగానే కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టి కూర్చుంటుంది. పక్కనున్న నువ్వులనూనె మాత్రం హాయిగా జారుతూనే ఉంటుంది. ఈ వంటింటి రహస్యం చేప ఒంటికి మనకంటే ముందే తెలుసు. ప్రతి జీవకణం చుట్టూ కొవ్వుతో ఏర్పడిన పల్చటి పొర ఒకటుంటుంది. నీళ్ళు చల్లబడితే చేప ఆ పొరలో గడ్డకట్టే రకం కొవ్వు తగ్గించి, జారే రకం పెంచుకుంటుంది. ఎండలు ముదిరితే మళ్ళీ మార్చుకుంటుంది.

మరి తరతరాలుగా మంచునీళ్ళలోనే కాపురముంటున్న చేపల సంగతేమిటి?

1929లో యోహాన్ రూడ్ అనే నార్వే యువకుడు తిమింగిలాల వేట ఓడలో అంటార్కిటికా వైపు వెళ్ళాడు. సౌత్ జార్జియా దీవి దగ్గర నెత్తురు లేని చేపలున్నాయని వేటగాళ్ళు చెప్పారు. జంతుశాస్త్రం చదివినవాడు కదా, నమ్మలేదు! తీరా ఇంటికొచ్చాక, డిట్లెఫ్ రుస్తాద్ అనే మరో శాస్త్రజ్ఞుడు 1927లో బూవే దీవి దగ్గర అలాంటి చేపనే తాను పట్టానన్నాడు. రూడ్ ఆ మాట మరిచిపోలేదు. 1953లో మళ్ళీ వెళ్ళి పరీక్షించి, మరుసటేడు లోకానికి చెప్పాడు. నెత్తురుంది, కానీ అందులో ఎర్రకణాలూ లేవు, ఎర్రరంగూ లేదు. చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది కనుక దానికి గడిచిపోతోంది. గుండె మాత్రం పెద్దది.

ఆ నీళ్ళు సున్నాకంటే దాదాపు 2 డిగ్రీలు తక్కువ. మామూలు చేప నెత్తురైతే అంతకుముందే గడ్డకట్టాలి. ఈ చిక్కుముడి 1960లలో విప్పినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ డెవ్రీస్. ఆ చేపల నెత్తురులో చక్కెర కలిసిన ప్రోటీన్లున్నాయి. మంచురవ్వ పుట్టగానే దాన్ని అంటిపెట్టుకుని పెరగనివ్వవు, చిన్న తగువు పెద్దది కాకుండా అడ్డుపడే ఇంటి పెద్దమ్మలాగా.

నేర్పంటే ఇదీ అనిపిస్తుంది. కానీ అది ఊరికే రాలేదు. డెవ్రీస్, జార్జి సొమీరో కలిసి 1967లో ప్రకటించిన పరీక్షల్లో, అక్కడి కొన్ని చేపలు 6 డిగ్రీల నీళ్ళకే ప్రాణం విడిచాయి. మన ఫ్రిజ్‌లో మంచినీళ్ళు దాదాపు అంత చల్లగా ఉంటాయి! వేడికి చెదిరిన ప్రోటీన్లను సరిదిద్దే సహాయక ప్రోటీన్లను మామూలు జీవులు అప్పటికప్పుడు ఎక్కువగా తయారుచేసుకుంటాయి. అక్కడి ఒక జాతి చేపకి ఆ అలవాటు కూడా పోయిందని 2000లో తేలింది.

దక్షిణ సముద్రం ఇప్పుడు కొద్దికొద్దిగా వేడెక్కుతోంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. అక్కర్లేదని ఎప్పుడో వదిలేసుకున్న ఎర్రకణాలను మళ్ళీ తెచ్చుకోవడం పాపం ఆ చేప చేతిలో లేదు.