ఒక్కో షాటుకు ఒక్కో లైను

ఫిల్మ్‌నగర్‌లో ఒక పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఒకటి స్కాన్ చేసి పెట్టారు. షాటుకో ఫోల్డరు చొప్పున ఎనిమిది వందల పైచిలుకు ఫోల్డర్లు. ప్రతి షాటుకూ తగినట్టు వెలుతురు సవరించి, ఫ్రేములన్నిటినీ వీడియోగా మార్చాలి. ఏ షాటుకు ఎంత సవరించాలో ఒక పెద్దాయన చూసి చెబితే ఎక్సెల్ షీటులో ఎక్కించారు. అక్కడ పనిచేసే మిత్రుడు "శనివారం ఖాళీయేనా?" అని ఫోన్ చేశాడు.

ఎనిమిది వందల కమాండ్లు చేత్తో టైపు చేసే ఓపిక ఎవరికుంటుంది? పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. అది షీటునీ, ఫోల్డర్ల పేర్లనీ చదివి, రీలుకొకటి చొప్పున బ్యాచ్ ఫైళ్లు తయారుచేస్తుంది. అందులో షాటుకు ఒక లైను. రాత్రి వాటిని నడిపించి ఇంటికి పోవచ్చు. నేరుగా పైథాన్‌తోనే ఆ పని చేయించొచ్చు కదా అంటే, చేయించొచ్చు. కానీ బ్యాచ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. మధ్యలో ఆగిపోతే, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఒక లైను మార్చుకోగలరు.

రెండు తప్పులు చేశాను. ఫ్రేమ్ నంబరు నాలుగంకెల్లో ఉంటుందని చెప్పడానికి కమాండులో శాతం గుర్తు, దాని పక్కన సున్నా రాస్తాం. బ్యాచ్ ఫైలులో ఆ రెండూ కలిస్తే 'నా పేరు' అని అర్థం. ఫ్రేము ఉండాల్సిన చోట అది తన పేరే పెట్టేసుకుని, అలాంటి ఫైలు లేదని మొదటి లైనులోనే మొరాయించింది. శాతం గుర్తును రెండుసార్లు రాస్తే సరిపోయింది. ఇది అరిచే తప్పు.

రెండోది అరవలేదు. షీటులో షాట్లు 1, 2, 3 అని వరసగా ఉన్నాయి. ఫోల్డర్లను పేరునుబట్టి పేరిస్తే మాత్రం 1 తర్వాత 10 వస్తుంది, 2 ఎక్కడో వెనకాల ఉంటుంది. నేను రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి జతకలిపేశాను. రాత్రంతా మిషన్లు ఒక్క ఎర్రర్ కూడా లేకుండా నడిచాయి. పొద్దున పెద్దాయన చూసి, "బాబూ, ఇది వెన్నెల షాటు కదా. పట్టపగల్లా ఉందేం?" అన్నారు. కోడ్ చూడకుండానే, "వరస జరిగింది. మా ల్యాబులో టేపు జరిగితే ఇలాగే అయ్యేది," అన్నారు. ఆయన ఒకప్పుడు మద్రాసు ల్యాబులో గ్రేడింగ్ చేసేవారట.

ఆ టేపు సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. రంగుల ల్యాబుల్లో గ్రేడర్ నెగటివ్ చూసి, ప్రతి షాటుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఎంతెంత పడాలో నిర్ణయించేవాడు. ఒక్కోదానికి 1 నుంచి 50 దాకా ఒక అంకె. ఆ అంకెల్ని కాగితపు టేపు మీద రంధ్రాలుగా కొట్టేవారు. బెల్ అండ్ హోవెల్ లాంటి ప్రింటర్లు ఆ టేపును చదువుకుంటూ, షాటు మారగానే వెలుగు మార్చుకుంటూ, రీలంతా ప్రింటు చేసేవి. మనిషి ఒక్కసారి నిర్ణయిస్తాడు, ఎన్ని ప్రింట్లు తీసినా యంత్రం దాన్నే పాటిస్తుంది. కంప్యూటర్ల వైపు కూడా ఇదే కథ. మొదట్లో పంచ్ కార్డుల కట్టను ఆపరేటరుకు ఇచ్చి వెళ్లిపోయేవారు. 'బ్యాచ్' అనే మాట అక్కడిదే. 1981లో వచ్చిన ఎం.ఎస్.డాస్‌లో ఆ కార్డుల కట్టే చిన్న టెక్స్ట్ ఫైలుగా మారింది. నేను కొత్తగా చేశాననుకున్నది, ఆ టేపుకు రంధ్రాలు కొట్టే పనే.

వెన్నెల అనగానే మనకు గుర్తొచ్చేది 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ వెన్నెల. 1957 నాటి ఆ సినిమాకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, 2010 జనవరి 30న విడుదల చేసింది. ఒక లెక్క వేసి చూడండి. సెకనుకు 24 ఫ్రేములు, 165 నిమిషాలు అనుకుంటే 2,37,600 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును టూకేలో స్కాన్ చేస్తే దాదాపు 12.7 మెగాబైట్లు, మొత్తం మూడు టెరాబైట్లు. ఇన్ని ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి కూర్చోవడం అయ్యే పని కాదు. కానీ ఆ వెన్నెల ఎంత నీలంగా ఉండాలన్న ప్రశ్నకు ఏ స్క్రిప్టూ జవాబు చెప్పదు. అది చూసినవాడు చెప్పాల్సిందే.

చూసినవాడు చెప్పింది మాత్రం మనం దాచుకోం. ప్రింటు చేతికొచ్చాక టేపు ఎవరిక్కావాలి? అసలు సినిమాలనే దాచుకోలేదు, రఘుపతి ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఇవాళ చూద్దామన్నా లేదు. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ పరిరక్షణ మీద వర్క్‌షాపు పెట్టింది. రీళ్ల గురించి మనం ఇప్పుడిప్పుడే ఆలోచిస్తున్నాం. వాటి వెనకున్న నిర్ణయాల సంగతి ఇంకా మొదలే కాలేదు.

స్క్రిప్టు సరిచేశాను. ఇప్పుడు ఫోల్డర్లను వరసతో కాకుండా పేరుతోనే జతచేస్తుంది, పొంతన కుదరకపోతే ఆగిపోతుంది. సినిమాతో పాటు షీటు, స్క్రిప్టు, బ్యాచ్ ఫైళ్లు కూడా అదే డిస్కులో పెట్టించాను. అన్నీ కలిపినా ఒక్క ఫ్రేమంత బరువు లేవు. బ్యాచ్ ఫైలులో 'రెమ్' అని మొదలయ్యే లైన్లను మిషను పట్టించుకోదు. అవి మనుషుల కోసం. ప్రతి ఫైలు మొదట్లో అలాంటి లైను ఒకటి చేర్చి, ఈ అంకెలు ఎవరు చూసి చెప్పారో ఆయన పేరు రాశాను.