మెదడువాపు: మనం చూసినదొకటి, చూడనిదొకటి

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయాల చరిత్ర ఏదైనా రాయమని సంపాదకులు కోరారు. ఉద్యోగకాలంలో నా నోట అతి ఎక్కువగా నలిగిన మాటనే తీసుకున్నాను. ఆ మాట మెదడువాపు.

1999 అక్టోబరు, నవంబరు మాసాల్లో నేను కర్నూలు జిల్లాలో ఆరోగ్యశాఖ మలేరియా విభాగంలో ఉన్నాను. ఆ రెండు నెలలు ఇంటి భోజనం చేసిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ ఏడు రాష్ట్రంలో జపాను మెదడువాపు కేసులు ఎనిమిది వందలు దాటాయి, నూట డెబ్బై మందికి పైగా చనిపోయారు. అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో మనదొకటి. పోయినవారిలో చాలామంది పిల్లలే. సాయంత్రం జ్వరం, తెల్లవారేసరికి ఫిట్స్, మరుసటిరోజుకు తెలివి లేదు. ఫాగింగు మిషను పట్టుకుని వీధిలోకి వెళితే తల్లులు మా మొహాలు చూసే చూపు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

కరువు సీమలో దోమల జబ్బు ఏమిటని అప్పట్లో చాలామంది అడిగారు. దానికి జవాబు మన కె.సి. కాలువలోనే ఉంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ వారు సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, కర్నూలు నుండి కడప దాకా ఈ కాలువ తవ్వించారు. పడవలూ నడుస్తాయి, పంటా పండుతుందని వారి ఆశ. కంపెనీకి గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వం కొనవలసి వచ్చింది. మనకు మాత్రం వరి వచ్చింది. నిలవనీటి వరిమళ్లలో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. ఈ జబ్బు క్రిమి కొంగలలో, పందులలో ఉండి, ఆ దోమ ద్వారా మనిషికి చేరుతుంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో హైదరాబాదు ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు మన జిల్లా పల్లెల్లో ఈ దోమలను పట్టి, ఏ కాలంలో ఎంత పెరుగుతాయో లెక్కకట్టారు. నీళ్లు రావడం తప్పని నేననను. నీళ్లతోపాటు ఏమేమి వస్తుందో చూసుకోవలసిన బాధ్యత మా శాఖది.

ఇది మనం చూసిన మెదడువాపు. మనం చూడని రెండోది ముసలితనంలో వచ్చేది. అందులో జ్వరం ఉండదు, ఫిట్స్ ఉండవు. నిజానికి వాపు అనే మాటే దానికి సరిపోదు, ఎందుకంటే మతిమరుపు జబ్బు ముదిరినవారి మెదడు వాచదు, కుంచించుకుపోతుంది. లోపల ఉండేది నివురుగప్పిన నిప్పు. అయితే రెండింటిలోనూ పనిచేసే కణాలు మాత్రం ఒకటే.

ఆ కణాలను గుర్తించి వాటికి మైక్రోగ్లియా అని పేరు పెట్టినవాడు స్పెయిన్ దేశస్థుడు పీయో డెల్ రీయో ఒర్తేగా, 1919లో. వెండి లవణంతో రంగువేసే పద్ధతి ఒకటి తయారుచేసుకుని, దానితో వాటిని సూక్ష్మదర్శినిలో విడిగా చూపాడు. మెదడుకు ఇవి కావలి కణాలనీ, చెత్త ఎత్తేవీ, దెబ్బ తగిలిన చోటికి పరుగెత్తేవీ ఇవేననీ చెప్పాడు. ఆయన గురువు నోబెల్ బహుమతి గ్రహీత కహాల్. ఇద్దరికీ పడక శిష్యుడు ప్రయోగశాల వదలవలసి వచ్చింది. మన ఆఫీసుల్లో జరగనిదేమీ కాదు. చివరకు అంతర్యుద్ధం మూలంగా దేశం కూడా వదిలి, 1945లో అర్జెంటీనాలో కన్నుమూశాడు.

ఆయన కణాలను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906లోనే మతి పోయిన ఒక స్త్రీ మెదడులో మచ్చలు, పోగుల చిక్కులు చూపాడు. ఆ మచ్చల చుట్టూ కావలి కణాలు రెచ్చిపోయి గుమిగూడి ఉండటం 1980లలో గట్టిగా బయటపడింది. కెనడాలో మెక్‌గీర్ దంపతులు 1988లో పార్కిన్సన్ వణుకుడు జబ్బుతో చనిపోయినవారి మెదడులోనూ అదే చూశారు. కీళ్లవాతానికి ఏళ్లతరబడి మాత్రలు వాడినవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనబడుతోందని 1990లో రాసినవారూ వారే.

అందరూ ఆశపడ్డారు. అమెరికాలో డెబ్బై దాటిన రెండున్నర వేలమందికి పైగా వృద్ధులతో ఒక పరీక్ష పెట్టి, కొందరికి నొప్పి మాత్రలు, మిగతావారికి ఉత్త మాత్రలు ఇచ్చారు. గుండెకు చేటు జరుగుతుందేమోననే భయంతో 2004 డిసెంబరులో మాత్రలు ఆపేశారు. మతిమరుపు తగ్గిన దాఖలా కూడా లేదు. కాబట్టి మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని జ్ఞాపకశక్తి కోసం రోజూ మింగవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మూత్రపిండాలు పోతాయి, కడుపులో పుండు పడుతుంది.

రెండు మెదడువాపులకూ ఒకే మందును పరీక్షించిన కథ నాకు మరీ ఆసక్తిగా తోచింది. మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ కావలి కణాలను శాంతింపజేస్తుంది. హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంవారు జపాను మెదడువాపు సోకిన ఎలుకలకు ఇచ్చి మేలు చూపారు. లక్నోలో రోగులకు ఇచ్చినప్పుడు అంత స్పష్టమైన ఫలితం రాలేదు. ఇంగ్లండులో అయిదు వందలకు పైగా అల్జీమర్ రోగులకు రెండేళ్లపాటు పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. అక్కడా జబ్బు జోరు తగ్గలేదు. కావలివాణ్ణి పూర్తిగా నిద్రపుచ్చితే చెత్త ఎవరు ఎత్తాలి? 2012-13లో ఐస్‌లాండ్, లండన్ శాస్త్రజ్ఞులు కావలి కణాల జన్యువు ఒకదానిలో లోపం ఉంటే అల్జీమర్ ముప్పు సుమారు మూడు రెట్లు పెరుగుతుందని చూపారు. అంటే కావలి అతి చేసినా చేటే, సరిగా చేయకపోయినా చేటే.

ఇక మనకు అన్నిటికన్నా అక్కరకు వచ్చే విషయం ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుండి వచ్చింది. అల్జీమర్ ఉన్న 300 మందిని అక్కడి వైద్యులు ఆరు నెలలు గమనించి 2009లో ప్రకటించారు. మధ్యలో ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ లాంటిది వచ్చినవారి మతి, రానివారికన్నా రెట్టింపు వేగంగా తగ్గింది. ముసలి మెదడులో కావలి కణాలు ముందే ఉలిక్కిపడి ఉంటాయి. ఒంట్లో ఎక్కడ మంట రేగినా ఆ కబురు రక్తంలో అక్కడికి చేరుతుంది.

ఇది చదివిననాడు మా బావగారు గుర్తుకొచ్చారు. నంద్యాల దగ్గర పల్లెలో బడిపంతులుగా రిటైరయ్యారు. డెబ్బై ఎనిమిదో ఏట, రెండు రోజుల్లోనే మనిషి మారిపోయాడు. ఎప్పుడో పోయిన తల్లిని పిలవడం, అర్ధరాత్రి బడికి పోవాలని చొక్కా వేసుకోవడం. ఫోనులో మా అక్క, "ఏమీ లేదులేరా, చాదస్తం ముదిరిండాది" అంది. వైద్యశాఖలో ముప్పై ఏళ్లు చేసిన నేను కూడా అవునేమోలే అనుకున్నాను. నాలుగోరోజు డాక్టరుకు చూపిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. జ్వరం పెద్దగా లేదు, నొప్పి అని ఆయన చెప్పలేదు. మతిమరుపు నెలలు, సంవత్సరాలు పట్టి వస్తుంది. రెండు రోజుల్లో వచ్చిన తికమక చాదస్తం కాదు, అది ఆనాడే ఆసుపత్రికి తీసుకుపోవలసిన జబ్బు. ఇన్‌ఫెక్షన్ గాని, ఒంట్లో నీరు తగ్గడం గాని, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర గాని, కొన్నిసార్లు పక్షవాతం గాని కారణం కావచ్చు.

మందులతో బావగారు వారంలో తేరుకున్నారు. నన్ను గుర్తుపట్టి, "ఏమప్పా, దోమలు పట్టడం అయిపోయిందా?" అన్నారు. పూర్తిగా పాత మనిషి మాత్రం కాలేదు. ఆ ఏడు లైఫ్ సర్టిఫికెట్టు కాగితాల మీద సంతకానికి నేనే తోడు వెళ్లాను. ముప్పై అయిదేళ్లు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన చేయి, ఇంటిపేరు రాసి, తన పేరు దగ్గర ఆగి, నా వైపు చూసింది.