ఆడాసిటీ వృత్తాంతము

గ్రామఫోను ప్లేటున కెక్కిన పాటలో తప్పు దిద్ద వీలులేదు. కంప్యూటరులో పాటను రికార్డుచేసి, కత్తిరించి, అతుకుటకు ఆడాసిటీ యను సాధనము కలదు. డామినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో అమెరికాయందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున దీనిని ప్రారంభించి, 2000లో లోకమున కందించిరి. వెల లేదు. దానిని నడిపించు వ్రాతను ఎవరైనను చదువవచ్చును, మార్చి పంచవచ్చును.

2021లో మ్యూజ్ గ్రూపు దానిని స్వాధీనపఱచుకొని, గూగుల్, యాండెక్స్ సంస్థల సాధనములద్వారా వాడుకవివరములు సేకరింపదలచెను. కోరినది పాటలను గాదు. అనుమతి నడిగియే తీసికొందుమనియు చెప్పిరి. అయినను జనులు సమ్మతింపరైరి. ఆ మార్పు సైతము బహిరంగముగా వ్రాయబడుటచేతనే గదా వారు ముందుగా కనిపెట్టగలిగిరి! మే నెలలోనే యా యత్నము విరమింపబడెను.

జూలైలో వెలువడిన నిబంధనలు మఱల కలవరము రేపెను. సంస్థ వానిని పిమ్మట సవరించెను గాని, అప్పటికే కొందఱు ఆ వ్రాతనే గైకొని, వాడుకవివరములు సేకరింపని టెనాసిటీ యను వేఱుశాఖను మొదలిడిరి.